జనం వాళ్లనే ఎందుకు నమ్ముతారు?

(సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ మొదటి వరస ఖాళీగానే ఉంది. ఎక్కడైనా మొదటి వరసే ఖాళీగా ఉంటుంది, రాజకీయ సభల్లో తప్ప!

మొదలుపెట్టే ముందు ఒక షరతు. ఇవాళ పదవిలో ఉన్నవాళ్ల పేరు ఒక్కటి కూడా ఎత్తను. భయపడి కాదండీ. పేరు ఎత్తానంటే ఈ హాల్లో సగం మందికి ఆయన మహానుభావుడు, మిగతా సగం మందికి మాయగాడు. మనిషి ఒకడే, ప్రసంగం ఒకటే, ఆ చిరునవ్వూ ఒకటే. సగం మందికి ఒళ్లు పులకరిస్తుంది, సగం మందికి ఒళ్లు మండుతుంది. మరి ఆ ఆకర్షణ ఎక్కడుందంటారు? ఆయనలో ఉందా, మనలో ఉందా?

జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ 1920లో చనిపోయాడు. అంటే వందేళ్ల కిందటి మాట. ఆయన ఏమన్నాడంటే, జనాకర్షణ విషయంలో నాయకుడు నిజంగా ఎలాంటివాడన్నది కాదు ముఖ్యం, అనుచరులు ఆయన్ని ఎలా చూస్తున్నారన్నదే ముఖ్యం అన్నాడు. వాళ్ల నమ్మకం ఉన్నంతకాలమే అది ఉంటుంది. నమ్మకం పోతే అదీ పోతుంది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. కొంతమంది నాయకులు జనంలోకి వెళ్తే చాలు, ఓట్లు వాళ్ల వెంట నడిచొస్తాయి. ఇంకొంతమంది ఎంత చదువుకున్నా, ఎంత కష్టపడినా, ఎంత నిజాయితీగా ఉన్నా జనం ముఖం తిప్పుకుంటారు. ఎందుకు? మన్మోహన్ సింగ్ గారు పదేళ్లు ప్రధానిగా చేశారు. లోక్‌సభకు ఆయన పోటీ చేసింది ఒక్కసారి, 1999లో దక్షిణ ఢిల్లీ నుంచి. ఓడిపోయారు. దేశ ఆర్థిక వ్యవస్థను మలుపు తిప్పిన మనిషండీ ఆయన! ఒక్క నియోజకవర్గం తిప్పుకోలేకపోయారు.

ఎవర్ని అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే. "ఆయన బాగా మాట్లాడతాడండీ." అవునా? మాటేనా అసలు సంగతి?

ఎంజీఆర్ సంగతి తీసుకుందాం. 1967 జనవరిలో తోటి నటుడు ఎం.ఆర్. రాధా ఆయన మీద కాల్పులు జరిపాడు. తూటా మెడలో దిగింది. కొద్ది వారాలకే ఎన్నికలు. మెడకు కట్టుతో ఆస్పత్రి మంచం మీదున్న ఆయన ఫొటోనే పోస్టరయింది, పరంగిమలై నుంచి గెలిచారు. అది సానుభూతి అనుకుందాం. కానీ ఆ దెబ్బకు గొంతు దెబ్బతింది. మాట ముద్దగా వచ్చేది, స్పష్టత పోయింది. 1972లో సొంత పార్టీ పెట్టారు. 1977లో గెలిచారు, 1980లో గెలిచారు. 1984లోనైతే అమెరికాలో, న్యూయార్క్ బ్రూక్లిన్ ఆస్పత్రిలో ఉన్నారు. రాష్ట్రంలో అడుగు పెట్టలేదు, ఒక్క సభలో మాట్లాడలేదు, అయినా గెలిచారు. ఇందిరా గాంధీ హత్య తర్వాతి సానుభూతి కూడా వాళ్ల కూటమికి కలిసొచ్చింది, కాదనను. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఎదుటి పక్షంలో ఉన్నది ఎవరు? కరుణానిధి. అంతటి వక్త! తమిళంలో ఆయన మాట్లాడితే శత్రువు కూడా నిలబడి వింటాడు. అంతటి వక్త, గొంతు పోయిన మనిషి మీద మూడుసార్లు వరసగా గెలవలేకపోయాడు. మాటే అసలు సంగతైతే ఇది ఎలా జరుగుతుంది?

సరే, సినిమా గ్లామర్ అంటారా? సినిమా గ్లామరే అయితే శివాజీ గణేశన్ ఎంజీఆర్ కంటే ఎక్కువ ఓట్లు తేవాలి. నటనలో ఎవరు గొప్ప అని అడిగితే ఇద్దరి అభిమానులూ నిజాయితీగా ఒకే పేరు చెప్తారు. ఆ శివాజీ 1988లో సొంత పార్టీ పెట్టి, 1989లో తిరువయ్యారులో తానే ఓడిపోయారు. ఎందుకంటే శివాజీ తెర మీద చాలామంది మనుషులయ్యాడు. రాజయ్యాడు, భక్తుడయ్యాడు, తాగుబోతయ్యాడు, ఏడ్చాడు, ఏడిపించాడు. ఎంజీఆర్ మాత్రం ఎప్పుడూ ఒక్క మనిషే. రిక్షా తొక్కేవాడు, పడవ నడిపేవాడు, పొలం దున్నేవాడు, పేదవాడి పక్షాన నిలబడేవాడు. తాగడు, పొగ తాగడు. చూసేవాడికి ఏమనిపిస్తుంది? "ఈయన బాగా నటిస్తున్నాడు" అనిపించదు. "ఈయనకు నేను తెలుసు" అనిపిస్తుంది.

నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదేనండీ. ఓట్లు గెలిచే విద్య మాట్లాడే విద్య కాదు. ఎదుటి మనిషికి "ఈయనకు నేను తెలుసు, నన్ను చూశాడు" అనిపించే విద్య. నాయకుడు మనకు నచ్చాడా లేదా అన్నది తర్వాత. ముందు మనం ఆయన కంటికి ఆనామా లేదా అన్నది చూసుకుంటాం. మనకు తెలియకుండానే చూసుకుంటాం.

దీనికి నాకు తెలిసి అన్నిటికంటే మంచి ఉదాహరణ రెండు నిమిషాల వీడియో. చూడనివాళ్లు ఇంటికెళ్లి వెతికి చూడండి. 1992 అక్టోబర్ 15, అమెరికాలో రిచ్మండ్ అనే ఊరు. అధ్యక్ష అభ్యర్థులు ముగ్గురు. పదవిలో ఉన్న జార్జ్ బుష్, అంటే పెద్ద బుష్. బిల్ క్లింటన్. మూడో మనిషి రాస్ పెరో. ప్రశ్నలడిగేది విలేకరులు కాదు, మామూలు ఓటర్లు. ఒక యువతి లేచి అడిగింది: ఈ జాతీయ అప్పు మీ ముగ్గురి సొంత జీవితాలను ఎలా తాకింది? తాకకపోతే, మా బాధ మీకు తెలియకపోతే, దానికి మందు ఎలా కనిపెడతారు? దగ్గర దగ్గర అదే సమయంలో కెమెరా ఏం పట్టుకుందో తెలుసా? బుష్ చేతి గడియారం చూసుకోవడం! పాపం, ఒక్క క్షణం చూసుంటాడు. ఆ ఒక్క క్షణం ముప్పై ఏళ్లుగా ఆయన్ని వదల్లేదు.

బుష్ జవాబు మొదలుపెట్టాడు. జాతీయ అప్పు అనగానే ఆయనకు వడ్డీ రేట్లు గుర్తొచ్చాయి. అందరి మీదా ప్రభావం ఉంటుందన్నాడు. చివరికి ప్రశ్న నాకు సరిగ్గా అర్థం కాలేదు అన్నాడు. నిజం చెప్పాలంటే ప్రశ్న తప్పే. జాతీయ అప్పుకీ ఆవిడ చెప్పే కష్టానికీ నేరుగా సంబంధం లేదు. ఆవిడ అడిగింది మాంద్యం గురించి. లెక్క ప్రకారం చూస్తే తికమకపడిన బుష్‌దే సబబు! కానీ ఓటరు పరీక్ష పేపరు పెట్టట్లేదు కదా.

ఇప్పుడు క్లింటన్ వంతు. లేచాడు. ఆవిడ వైపు నాలుగడుగులు వేశాడు. కెమెరా వైపు కాదు, ఆవిడ వైపు. వెళ్లి మొదట ఏం చేశాడు? జవాబు చెప్పలేదు. ఆవిణ్నే అడిగాడు. మిమ్మల్ని ఎలా తాకిందో మళ్లీ చెప్పండి అన్నాడు. ఉద్యోగాలు పోయినవాళ్లు, ఇళ్లు పోయినవాళ్లు మీకు తెలుసు కదా అన్నాడు. ఆవిడ తలూపింది. అప్పుడు చెప్పాడు, నాది చిన్న రాష్ట్రం, నేను గవర్నర్‌ని (అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు), అక్కడ ఎవరి ఉద్యోగమైనా పోతే వాళ్ల పేరు నాకు తెలిసే అవకాశం ఎక్కువ అని. ఆ తర్వాత ఆర్థిక విధానం గురించి కూడా చెప్పాడు లెండి. అది ఎవరికి గుర్తుంది? ఆవిడ తల ఊపుతూ ఉండటం గుర్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బుష్ చెడ్డవాడు కాదు, మనసు లేనివాడూ కాదు. ఎదురుగా కూర్చుంటే చాలా ఆప్యాయంగా ఉండేవాడని, చేత్తో ఉత్తరాలు రాసి మరీ జనాన్ని పలకరించేవాడని తెలిసినవాళ్లు చెప్తారు. కానీ వేదిక మీద అది కనపడలేదు. క్లింటన్‌కేమో అలాంటి వేదికే బలం. ఆ తరహా డిబేట్ కావాలని అడిగింది కూడా క్లింటన్ వర్గమే. అక్కడ అప్పటికప్పుడు పుట్టుకొచ్చింది ఎంత, ముందే సాధన చేసింది ఎంత అని అడిగితే, రెండూ ఉన్నాయంటాను.

సాధన అన్నాను కాబట్టి పేర్ల సంగతి చెప్తాను. పేరు గుర్తుపెట్టుకుని పిలవడం. మీరెప్పుడో ఒకసారి కలిసిన ఎమ్మెల్యే మూడేళ్ల తర్వాత మీ పేరు పెట్టి పిలిచి, "అమ్మాయి చదువు అయిపోయిందా" అంటే మీరేమవుతారు? నవ్వుతున్నారు, అంటే ఎవరికో అయిందన్నమాట.

ఇది రెండు వేల ఏళ్ల నాటి విద్య. ప్రాచీన రోమ్‌లో పోటీ చేసే పెద్దమనిషి వెంట ఒక బానిస నడిచేవాడు. వాడి పని ఒకటే, ఎదురొచ్చేవాడి పేరు యజమాని చెవిలో ఊదడం. యజమాని వెంటనే ఆ పేరుతో పలకరించి చేయి పట్టుకునేవాడు. క్రీ.పూ. 64లో సిసెరో అనే గొప్ప రోమన్ వక్త కాన్సుల్ పదవికి, అంటే అక్కడి అత్యున్నత పదవికి, పోటీ చేసినప్పుడు తమ్ముడు క్వింటస్ రాసినట్టు చెప్పే ఒక సలహా ఉత్తరం ఉంది. అది ఆయన రాసిందేనా అని పండితుల్లో అనుమానాలున్నాయి, అది వేరే విషయం. అందులో ఏముంటుందంటే, జనం పేర్లు తెలుసని చూపించుకో, రోజూ పెంచుకో. ఎవరైనా సాయం అడిగితే మొహాన కుదరదని చెప్పకు. జనం ముఖం మీద కాదనిపించుకోవడం కంటే అబద్ధమైనా తియ్యటి మాట వినడానికే ఇష్టపడతారు. చూశారా? మనమేదో ఇప్పుడే రాజకీయాలు చెడిపోయాయి అనుకుంటాం.

ఆ రోజుల్లోనే కేటో అని ఒక మహా నీతిమంతుడు ఉండేవాడు. పేర్లు ఊదే బానిసలను వెంట తిప్పుకోకూడదని చట్టం వస్తే దాన్ని పాటించింది ఆయనొక్కడేనని ప్లూటార్క్ అనే ప్రాచీన రచయిత రాశాడు. మిగతావాళ్లెవరూ పాటించలేదు! కేటో కూర్చుని పేర్లన్నీ తనే కంఠస్థం చేశాడు. ఎంత పట్టుదలో చూడండి. కానీ పెద్ద పదవికి, కాన్సుల్ పదవికి పోటీ చేసినప్పుడు ఓడిపోయాడు. ఎందుకంటే జనంలో తిరిగి చేతులు పట్టుకుని అడగడం తన గౌరవానికి తక్కువనుకున్నాడు. పేర్లన్నీ తెలుసు. పిలవడానికి మనసొప్పలేదు. అందుకే తెలిస్తే చాలదండీ, తెలుసని అవతలివాడికి తెలియాలి.

ఇటీవలి కాలానికొస్తే అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రచారం నడిపిన జిమ్ ఫార్లీ. ఎవర్ని కలిసినా వాళ్ల పేరు, కుటుంబం, పిల్లలు, ఆరోగ్యం అన్నీ గుర్తు. ఉత్తరాల మీద ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేవాడు, అందినవాడు దాన్ని జాగ్రత్తగా దాచుకునేవాడు. ఈరోజుకీ అమెరికా రాజకీయాల్లో నాయకుడు కలిసినవాళ్ల వివరాలు రాసిపెట్టుకునే దస్త్రాన్ని ఫార్లీ ఫైల్ అంటారు. క్లింటన్ కూడా విద్యార్థిగా ఉన్నప్పటి నుంచే తను కలిసినవాళ్ల వివరాలు కార్డుల మీద రాసుకునేవాడు. మరి అది ప్రేమా, లెక్కా? నా అభిప్రాయం చెప్పనా? కలిసిన ప్రతివాడి గురించీ ఏళ్ల తరబడి కార్డులు రాసుకోవాలంటే మనుషుల మీద ఎంతో కొంత నిజమైన ఆసక్తి ఉండి తీరాలి. ఒట్టి లెక్కయితే రెండు నెలల్లో విసుగొస్తుంది. ఓటు కోసమే కావచ్చు, ఆసక్తి మాత్రం నిజమే. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవని మనం అనుకుంటాం, అక్కడే పొరబడతాం.

అయితే మనుషుల్ని చదవగలిగినవాడు అన్ని చోట్లా చదవగలడా? లేదు. లిండన్ జాన్సన్ అని కెనెడీ తర్వాత అధ్యక్షుడయ్యాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. సెనేట్‌లో ఎవరి ఓటైనా కావాలంటే వాళ్ల మీదకు వంగి, ముక్కుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, చేయి పట్టుకుని, బతిమాలి, బెదిరించి, నవ్వించి, గతంలో చేసిన మేలు గుర్తుచేసి పని సాధించేవాడు. ఒక్క మనిషి ఎదురుగా ఉంటే ఆయనంత మొనగాడు లేడు. అదే టీవీ కెమెరా ముందు కూర్చుంటే? కొయ్యబారిపోయేవాడు. కెమెరా తల ఊపదు కదా! అవతలివాడి ముఖం కనపడకపోతే ఆయన విద్య పనిచేయదు.

రూజ్వెల్ట్ దీనికి పూర్తిగా తలకిందులు. 1933 మార్చి 12, ఆదివారం రాత్రి. దేశంలో బ్యాంకులన్నీ మూసేసి ఉన్నాయి. జనం డబ్బులన్నీ పరుపుల కింద దాచుకుంటున్నారు. ఆయన రేడియోలో మాట్లాడాడు. బ్యాంకుల గురించి కాసేపు మీతో మాట్లాడాలనుకుంటున్నాను అని మొదలుపెట్టి, మీరు బ్యాంకులో వేసిన డబ్బు ఏమవుతుందో, ఎక్కడికెళ్తుందో చిన్నపిల్లవాడికైనా అర్థమయ్యేలా చెప్పాడు. నెమ్మదిగా చెప్పాడు. మర్నాటి నుంచి బ్యాంకులు తెరుచుకుంటే జనం వరసల్లో నిలబడి డబ్బు తిరిగి వేశారు. కోట్ల మంది విన్నారు. విన్న ప్రతివాడికీ తన ఇంట్లో కూర్చుని తనతోనే మాట్లాడినట్టుంది. జాన్సన్‌కి మనిషి ఎదురుగా కావాలి. రూజ్వెల్ట్‌కి మనిషిని ఊహించుకుంటే చాలు.

కొంతమందికి ఇంకోటి ఉంటుంది. జనం తట్టుకోలేని చోట నిలబడి, వాళ్ల స్థాయిలో మాట్లాడటం. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. ఆ సాయంత్రం రాబర్ట్ కెనెడీకి, అంటే అంతకుముందు హత్యకు గురైన అధ్యక్షుడు కెనెడీ తమ్ముడికి, ఇండియానాపొలిస్‌లో నల్లజాతివాళ్లు ఉండే వాడలో ప్రచార సభ ఉంది. వెళ్లొద్దన్నారు. వెళ్లాడు. వచ్చినవాళ్లలో చాలామందికి ఆ వార్త ఇంకా తెలియదు. తనే చెప్పాడు. మీలో కోపం, ద్వేషం రగిలితే నాకు అర్థమవుతుంది, నా ఇంట్లో కూడా ఒకరిని చంపారు, చంపింది తెల్లవాడే అన్నాడు. అన్న హత్య గురించి అంతవరకూ బహిరంగంగా మాట్లాడని మనిషి! ఆ రాత్రి వందకు పైగా నగరాలు మండాయి. ఇండియానాపొలిస్ మండలేదు. ఆ ఒక్క ప్రసంగమే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ సభకు ఓట్లు అడగడానికి వెళ్లి, ఓటు మాట ఎత్తకుండా తిరిగొచ్చాడు. నెల రోజుల తర్వాత ఆ రాష్ట్రంలో ప్రాథమిక ఎన్నికలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, గెలిచాడు.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న. ఇది పుట్టుకతో వస్తుందా? ఇందాక ఒక అబ్బాయి చీటీ కూడా పంపాడు, చూశాను.

ఒబామాను చూసి పుట్టు వక్త అంటారు. 2000లో ఆయన షికాగోలో కాంగ్రెస్ సీటు కోసం సొంత పార్టీలోనే బాబీ రష్ అనే నాయకుడి మీద పోటీ చేసి చిత్తుగా ఓడిపోయాడు. రష్‌కు వచ్చిన ఓట్లలో దాదాపు సగమే వచ్చాయి. అప్పట్లో జనం ఏమనుకున్నారంటే, ఈయన ప్రొఫెసర్ లాగా పాఠం చెప్తున్నాడు, మనలో మనిషిలా లేడు అని. నాలుగేళ్ల తర్వాత, 2004 జులైలో పార్టీ మహాసభలో ఒక్క ప్రసంగంతో దేశమంతా ఆయన వైపు తిరిగింది. నాలుగేళ్లలో పుట్టుక మారదు కదా? ఓడిపోయాక ఏం చేశాడు? చర్చిల్లో, చిన్న చిన్న సభల్లో, తనలాంటివాళ్లు లేని పల్లెల్లో తిరిగాడు, మాట్లాడాడు, ఎక్కడ జనం కళ్లు వాలిపోతున్నాయో చూసుకున్నాడు.

అమెరికా అధ్యక్షుడైన రేగన్ కూడా అంతే. నటుడు కాబట్టి సహజంగా వచ్చింది అంటారు. 1954 నుంచి 1962 దాకా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఉన్నాడు. ఒప్పందంలో భాగంగా ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నీ తిరిగి కార్మికులతో మాట్లాడాడు. ఎనిమిదేళ్లు! ఏ జోక్‌కి నవ్వుతారు, ఏ మాటకు మొహాలు మాడ్చుకుంటారు, ఎక్కడ ఆగాలి, అన్నీ ఆ ఎనిమిదేళ్లలో సానబట్టుకున్నాడు. 1984 డిబేట్‌లో ఆయన వయసు 73. ముసలాడు కదా, భారం మోయగలరా అని అడిగితే, నా ప్రత్యర్థి కుర్రతనాన్ని, అనుభవలేమిని నేను రాజకీయానికి వాడుకోను అన్నాడు. ప్రత్యర్థి మాండేల్ కూడా పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో ఎన్నిక అయిపోయింది అంటారు. అది అతిశయోక్తే, అప్పటికే రేగన్ ముందున్నాడు. అయినా ఆ జోక్ చెప్పిన తీరు చూడండి. చెప్పాక ఆగి, మంచినీళ్లు తాగుతాడు. తొందరలేదు. ఆ తొందరలేకపోవడం ఫ్యాక్టరీల్లో నేర్చుకున్నది.

చర్చిల్ 1904లో పార్లమెంటులో మాట్లాడుతూ మధ్యలో మాట మర్చిపోయి, ఎంతకీ గుర్తురాక, కూర్చుండిపోయాడు. ఆ తర్వాత జీవితాంతం ప్రసంగం పూర్తిగా రాసుకునే వెళ్లాడు. అంటే, సహజంగా వచ్చినట్టు కనపడటం కూడా ఆ విద్యలో భాగమే.

ముఖం సంగతి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను. 2005లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ టోడొరోవ్ బృందం, అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫొటోలు వాళ్లెవరో తెలియనివాళ్లకు చూపించి వీళ్లలో ఎవరు సమర్థుడిలా ఉన్నారని అడిగింది. జవాబులు చూస్తే 100కి 70 పోటీల్లో వాళ్లు చూపించినవాడే నిజంగా గెలిచాడు. 2009లో స్విట్జర్లాండ్‌లో చిన్న పిల్లలకు ఫ్రెంచ్ ఎన్నికల అభ్యర్థుల ఫొటోలు ఇచ్చి, మీ ఓడకు కెప్టెన్‌గా ఎవర్ని పెట్టుకుంటారని అడిగారు. వాళ్లు కూడా దాదాపు అంతే సరిగ్గా చెప్పారు! నవ్వొస్తుంది కానీ కాస్త భయం కూడా వేయాలి. కాకపోతే ఈ ముఖ ప్రభావం రాజకీయాలు తక్కువ తెలిసి టీవీ ఎక్కువ చూసేవాళ్ల మీదే ఎక్కువని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

ఆడవాళ్లకైతే ఈ కొలతలు మరీ అన్యాయం. గట్టిగా మాట్లాడితే గయ్యాళి, మెల్లగా మాట్లాడితే చేతకానిది. మార్గరెట్ థాచర్ శిక్షణ తీసుకుని మరీ గొంతు స్థాయి తగ్గించుకుంది. ఇందిరా గాంధీని లోహియా 'గూంగీ గుడియా', మూగబొమ్మ అన్నాడు. అదే మూగబొమ్మ 1971లో 352 సీట్లు గెలిచింది. లింకన్ గొంతు కీచుగా ఉండేదని ఆ కాలంవాళ్లే రాశారు. ఆయన్ని గొంతు మార్చుకోమని ఎవరైనా అన్నారా?

ఇంతసేపూ ఈ విద్యను పొగిడాను. ఇప్పుడు దీని హద్దు చెప్పాలి, లేకపోతే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను.

ఒకటి, ఇది మంచితనం కాదు. హిట్లర్ తన హావభావాలను సాధన చేస్తూ హోఫ్‌మన్ అనే ఫొటోగ్రాఫర్‌తో ఫొటోలు తీయించుకుని చూసుకునేవాడు. జనం నాడి పట్టడంలో ఆయనకు లోటు లేదు. ఆ జనం బాధను ఎవరి మీదకు తిప్పాడన్నది చరిత్ర. కానీ అంకెలు చూడండి. 1928 ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చిన ఓట్లు 2.6 శాతం. 1930లో 18 శాతం. 1932 జులైలో 37 శాతం. నాలుగేళ్లలో ఆ మనిషి గొంతు మారిందా? మాట మారిందా? మధ్యలో మాంద్యం వచ్చింది, లక్షల మందికి పని పోయింది. అదే గొంతు 1928లో వినపడలేదు, 1932లో వినపడింది.

ఎన్టీ రామారావు గారు 1982 మార్చి 29న పార్టీ పెట్టి, చైతన్యరథం ఎక్కి తిరిగి, 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. రాష్ట్రానికి ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ నుంచి మారుస్తుంటే జనానికి అవమానంగా ఉన్న రోజులవి. ఆ అవమానానికి ఆయన ఆత్మగౌరవం అని పేరు పెట్టారు. 1989లో అదే ముఖం, అదే కంఠం, అదే రథం. పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఆయనే ఓడిపోయారు. 1994లో మళ్లీ ప్రభంజనం. మనిషి మారాడా, కాలం మారిందా?

రెండోది, కొలిచి చూస్తే ప్రచారం మనం అనుకున్నంత మనసులు మార్చదు. కల్లా, బ్రూక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో జరిగిన 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి లెక్కవేశారు. సాధారణ ఎన్నికల్లో ఇంటింటి ప్రచారం, ప్రకటనలు లాంటివి ఓటరు ఎవరికి ఓటేస్తాడన్నది మార్చిన సగటు ప్రభావం దాదాపు సున్నా! అంతకుముందు 1998లో న్యూహేవెన్‌లో జరిగిన ప్రయోగంలో మనిషి ఇంటికెళ్లి ఎదురుగా నిలబడి అడిగితే ఓటు వేయడానికి వెళ్లేవాళ్లు పెరిగారు. ఫోన్లతో పెరగలేదు. అంటే ఎదురుగా నిలబడ్డ మనిషి మనల్ని బూత్ దాకా కదిలించగలడు. మన పార్టీని మార్చడం మాత్రం అంత తేలిక కాదు. గొప్ప నాయకుడు చేసేది చాలావరకు ఇదే. తనవాళ్లను ఇంట్లోంచి బయటకు తెస్తాడు, గోడమీద కూర్చున్నవాళ్లలో కొందరిని దింపుతాడు. మనం దాన్ని మహాకెరటం అంటాం.

చర్చిల్ సంగతి ఇంకా విచిత్రం. 1945 మేలో గాలప్ సర్వేలో ఆయన్ని మెచ్చుకున్నవాళ్లు 83 శాతం. యుద్ధం గెలిపించిన మనిషి. జూన్‌లో రేడియోలో మాట్లాడుతూ, ప్రత్యర్థి లేబర్ పార్టీ వస్తే ఏదో ఒక రకం గెస్టపో, అంటే హిట్లర్ రహస్య పోలీసుల లాంటిది, కావాల్సి వస్తుందన్నాడు. అప్పటిదాకా తన మంత్రివర్గంలోనే పనిచేసిన మనుషులను! మర్నాడు లేబర్ నాయకుడు క్లెమెంట్ అట్లీ, చప్పగా మాట్లాడతాడని పేరున్న అట్లీ, నింపాదిగా జవాబు చెప్పాడు. జులైలో లేబర్‌కు 393 సీట్లు. ప్రచారానికి వెళ్లిన చోటల్లా చర్చిల్‌ను చూడటానికి జనం విరగబడ్డారు, చేతులూపారు, జేజేలు కొట్టారు. ఆయనకు ధన్యవాదాలు చెప్పడానికి వచ్చారండీ. ఓటు మాత్రం ఇంటి కోసం, ఆస్పత్రి కోసం, ఉద్యోగం కోసం వేశారు. జనం అక్కడ ఉన్నారు, ఆయన ఇంకా యుద్ధంలోనే ఉన్నాడు.

అసలు ఈ విద్య ఎలా పోతుందో చూస్తేనే ఇదేమిటో బాగా తెలుస్తుంది. నోరు పోదు, ముందు చెవి పోతుంది. ఇందిరా గాంధీ విషయంలో అదే జరిగింది. ఎమర్జెన్సీలో పత్రికలకు సెన్సార్ పెట్టారు. చెడు వార్త రాసేవాడు లేడు, చెప్పేవాడు అంతకన్నా లేడు. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించారు. గెలుస్తాననే నమ్మకం ఉంది. మార్చిలో పార్టీ ఓడింది, రాయబరేలీలో తానే ఓడిపోయారు. జనం గుండె చప్పుడు తెలుసని పేరున్న మనిషికి, ఆ చప్పుడు వినిపించే దారులన్నీ తానే మూసేసుకున్నాక, ఇంకేం వినపడుతుంది?

ఆ తర్వాత ఐదు నెలలకు, ఆగస్టులో, బీహార్‌లో బెల్చీ అనే ఊరికి వెళ్లారు. దళితులను ఊచకోత కోసిన ఊరు. వానలు, వరద, దారి లేదు. జీపు బురదలో దిగబడింది, ట్రాక్టరు కూడా వెళ్లలేకపోయింది. ఏనుగెక్కి వెళ్లారు. అప్పుడు ఆవిడకు పదవి లేదు, పార్టీ చీలికలు పేలికలై ఉంది, మీద విచారణలు. అధికారంలో ఉన్నవాళ్లు వెళ్లని ఊరికి ఓడిపోయిన మనిషి వెళ్లింది. ఇది రాజకీయం కాదా అంటే, వంద శాతం రాజకీయమే. ఆ ఫొటో ఎంత దూరం వెళ్తుందో ఆవిడకు తెలియదనుకోను. కానీ బెల్చీలో చచ్చిపోయినవాళ్ల ఇళ్లవాళ్లకు, తమ కోసం బురదలో దిగి వచ్చిన మనిషి కనపడింది. 1978లో చిక్కమగళూరులో ఉప ఎన్నిక గెలిచారు. 1980 జనవరిలో మళ్లీ ప్రధాని అయ్యారు. ఆ ఎన్నికలో ఆవిడ గెలిచిన రెండు సీట్లలో ఒకటి మెదక్, నా వయసువాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

చీటీలు ఇంకా చాలా వచ్చాయి, నాకు ఇచ్చిన టైమేమో అయిపోయింది. ఒక్కదానికి మాత్రం ఇక్కడి నుంచే చెప్పి దిగిపోతాను. "సోషల్ మీడియా వచ్చాక ఈ విద్య అక్కర్లేదా?" అని ఎవరో రాశారు. అక్కర్లేకపోవడం కాదు బాబూ, వేదిక మారింది అంతే. రేడియో వచ్చినప్పుడు రూజ్వెల్ట్ లాంటివాళ్లు పైకొచ్చారు, టీవీ వచ్చినప్పుడు జాన్సన్ లాంటివాళ్లు ఇబ్బంది పడ్డారు. ఫోన్ తెర మీద మనిషి ముఖం అరచేతి దూరంలో ఉంటుంది, రూజ్వెల్ట్ రేడియో కంటే ఇంకా దగ్గర. కానీ అవతలివాడు తల ఊపుతున్నాడో లేదో కనపడదు, లైకుల లెక్కే కనపడుతుంది. లైకు కొట్టేవాళ్లు ముందునుంచీ మనవాళ్లే. రూజ్వెల్ట్‌కైనా జనం ఉత్తరాలు రాసేవారు, తిట్టేవాళ్లు కూడా రాసేవారు, వైట్ హౌస్‌లో వాటిని చదివేవారు. ఇప్పటి నాయకుల్లో ఆ తిట్లు చదివేవాళ్లు ఎవరో, పేర్లు ఎత్తనన్నాను కాబట్టి మీరే చూసుకోండి. మిగతా ప్రశ్నలు మైకులోనే అడగండి. ఆ మూల చేయెత్తారు కదా, ముందు వారికివ్వండి.